ఫీల్డ్ టెస్ట్ మొదటిసారి చెడిందా? రెండోదానికి కూర్చునే ముందు ఇవి తెల్సుకోండి

గ్లకోమా, అదే నీటికాసులు, అనుమానం ఉన్నవాళ్ళకి చేసే టెస్టులన్నిట్లో జనం బాగా తిట్టుకునేది ఫీల్డ్ టెస్టునే, అంటే కన్ను చుట్టుపక్కల ఎంతవరకు, ఎంత మసకవి చూడగలదో కొలిచేదాన్ని. కంటి ప్రెషర్ చూడ్డం నిమిషం పని, కంటి నరం ఎంత పలచబడిందో చూసే ఓసీటీలో మీరు చేసేదేం లేదు, గడ్డం ఆనించి కూర్చుంటే స్కాన్ అదే తీస్కుంటుంది. ఫీల్డ్ టెస్ట్ అలా కాదు, ఒక కన్ను మూసి, రెండోదాంతో గిన్నెలాంటి తెల్లటి డోమ్ లోపలికి చూస్తూ, మధ్యలో లైటు మీంచి చూపు కదపకుండా, చుట్టుపక్కల ఎక్కడైనా చుక్క మెరిస్తే బటన్ నొక్కాలి. అంటే ఇక్కడ సగం మెషిన్ మీరే. ఆ సగానికి అలవాటు లేకపోతే రిపోర్టు కూడా అలాగే వస్తుంది.

నేను ఆ చీకటి గదిలో మెషిన్ పక్కన కూర్చుని టెస్టు చేయించేదాన్ని. మొదటిసారి చేసి లేచినవాళ్ళలో చాలామంది అడిగేది ఒకటే, "ఏమ్మా, ఫెయిలయ్యానా?" అని. ఫెయిల్ అవ్వడానికి ఇది పరీక్ష కాదండీ. కానీ మొదటి రిపోర్టుని నమ్మి ఏడవడం, రెండో రిపోర్టు చూసి కళ్ళు బాగుపడ్డాయని సంబరపడ్డం, రెండూ తప్పే, అది ఎందుకో, మళ్ళీ మళ్ళీ ఈ టెస్టు చేయించుకోవాల్సినవాళ్ళు ఏం చెయ్యాలో చెప్తా.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఎక్కువగా వాడే 24-2 అనే ప్యాటర్న్‌లో 54 పాయింట్లు ఉంటాయి, ఒక్కోటి పక్కదానికి 6 డిగ్రీల దూరంలో. చుక్క ఒకటే సైజు, హంఫ్రీ అనే రకం మెషిన్‌లో అది వెలిగేది సెకనులో అయిదో వంతు మాత్రమే. మారేది వెలుగు. ఒక పాయింట్‌లో మీరు చూస్తే తర్వాతసారి ఇంకా మసకగా వేస్తుంది, చూడకపోతే కాస్త పెంచుతుంది, అలా పెంచుతూ తగ్గిస్తూ, మీరు సగం సార్లు చూడగలిగి సగం సార్లు చూడలేని వెలుగు ఎంతో అక్కడికి చేరుతుంది. ఆ పాయింట్‌కి మీ నంబర్ అదే. ఈ లెక్కన నిక్షేపంగా ఉన్న కంటికి కూడా వేసిన చుక్కల్లో దాదాపు సగం కనపడవు! ఈ ఒక్క ముక్క ముందే చెప్పకపోవడం వల్లే చాలామంది మొదటి టెస్టు చెడిపోతుంది. పది సెకన్లు ఏమీ కనపడకపోయేసరికి "అయ్యో నాకు చూపు పోయింది" అని గుండె దడ, ఆ దడలో కళ్ళు అటూ ఇటూ వెతకడం, కొంతమందైతే ఏమీ లేకపోయినా నొక్కడం.

ఇక అసలు విషయం, ప్రాక్టీస్ ఎఫెక్ట్. లర్నింగ్ ఎఫెక్ట్ అని కూడా అంటారు. అదే కన్ను, అదే జబ్బు, అదే మెషిన్, అయినా రెండోసారి నంబర్లు మెరుగ్గా వస్తాయి. మారింది కన్ను కాదు, మీరు. మొదటిసారి అయ్యేసరికి "నిజంగా కనపడిందా లేదా" అని పూర్తిగా ఖాయం చేస్కున్నాకే నొక్కుతారు, మసక మసకగా ఏదో మెరిసినట్టు అనిపిస్తే వదిలేస్తారు. రెండోసారికి ఆ మెరుపు కూడా లెక్కేనని అర్థమవుతుంది. చూపు మధ్యలో పెట్టి ధ్యాస మాత్రం పక్కలకి పెట్టడం ఒక విద్య, రోజువారీ జీవితంలో మనం ఎప్పుడూ అలా చెయ్యం, ఏదన్నా పక్కన కదిల్తే కన్ను అటే తిరుగుతుంది, అది మన నైజం. దాన్ని ఆపుకోవడం కొంచెం కొంచెంగా వస్తుంది. అందుకే ఈ తేడా మధ్యలో తక్కువ, అంచుల్లో ఎక్కువ కనపడుతుంది, మొదటి రిపోర్టులో చుట్టూ అంచులన్నీ నల్లబడి రెండోదాంట్లో విచ్చుకోవడం మేం చాలాసార్లు చూస్తాం.

ఇది నేను సొంతంగా చెప్తున్నది కాదు. స్వీడన్‌లో ఆండర్స్ హేల్ వాళ్ళ టీం 1989లోనే జబ్బు లేనివాళ్ళ మీద దీన్ని కొలిచారు, తర్వాత 1996లో గ్లకోమా ఉన్నవాళ్ళ మీద కూడా. అందరిలో ఒకేలా ఉండదని, చాలామందిలో తేడా కొంచెమేనని, కొద్దిమందిలో మాత్రం బాగా పెద్దగా ఉంటుందని తేలింది. మీరు ఏ బాపతో ఒక్క టెస్టుతో ఎవరూ చెప్పలేరు, గొడవంతా అక్కడే ఉంది. కంటి ప్రెషర్ ఎక్కువుండి గ్లకోమా ఇంకా రానివాళ్ళ మీద అమెరికాలో జరిగిన ఓక్యులర్ హైపర్‌టెన్షన్ ట్రీట్‌మెంట్ స్టడీలో ఇంకో సంగతి బయటపడింది, నమ్మదగ్గవే అయ్యుండి తేడాగా వచ్చిన రిపోర్టుల్ని మళ్ళీ టెస్టు చేసి చూస్తే దాదాపు 86 శాతంలో ఆ తేడా రెండోసారి రాలేదు. అదంతా ప్రాక్టీస్ వల్లేనని కాదు, అలసట, కనురెప్ప, లెన్సు అంచు ఇలా నానా కారణాలు ఉంటాయి, కానీ ఒక్క రిపోర్టు పట్టుకుని తీర్పు చెప్పకూడదనడానికి ఇంతకంటే ఏం కావాలి.

మెరుగైతే మంచిదేగా, గొడవేంటి అంటారా? గొడవ ఉంది, పెద్దదే. ఉదాహరణకి ఎండీ అనే నంబర్ తీస్కుందాం, మీ వయసువాళ్ళ మామూలు చూపుతో పోలిస్తే మీ ఫీల్డ్ మొత్తం మీద సగటున ఎంత తగ్గిందో చెప్పేది, సున్నా దగ్గర ఉంటే బావున్నట్టు, మైనస్ ఎంత పెరిగితే అంత నష్టం. ఒకాయనకి మొదటిది మైనస్ 7, రెండోది మైనస్ 5, మూడోది మైనస్ 4 వచ్చిందనుకోండి. అసలు ఆయన స్థితి మైనస్ 4. కానీ మొదటి రెండిటినే తర్వాతవాటిని పోల్చడానికి ఆధారంగా, అంటే బేస్‌లైన్‌గా పెట్టేస్తే ఫైల్లో ఆయన స్థితి మైనస్ 6 అని ఉండిపోతుంది. మూడేళ్ళ తర్వాత నిజంగానే జబ్బు ముదిరి మైనస్ 6కి పడిపోతే మెషిన్ ఏమంటుంది? ఏం మారలేదు, అలాగే ఉంది అంటుంది. కళ్ళ ముందే నరం పోయింది, కాగితం మీద మాత్రం పోలేదు.

ఇంకో రకం మోసం కూడా ఉంది. మొదటి టెస్టయ్యాక చుక్కల మందు మొదలుపెడతారు, నాలుగు నెలలకి రెండో టెస్టు బాగా వస్తుంది, ఇంకేముంది, మందు చూపు తెప్పించింది అనుకుంటారు. గ్లకోమాలో పోయిన నరం తిరిగి రాదండీ, మందు పని ఉన్నదాన్ని కాపాడ్డమే. ఆ మెరుగు చాలావరకు మీ వేలికొచ్చిన అలవాటు. చుక్కల మందు సంగతి సరే, అదే టైములో ఎవరో చెప్పిన కంటి వ్యాయామాలు మొదలుపెట్టి, రిపోర్టు బాగొచ్చిందని మందు మానేసినవాళ్ళు కూడా తగిలారు నాకు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఇక చెయ్యాల్సినవి.

మొదట్లో టెస్టులు దగ్గర దగ్గరగా పెట్టించుకోండి. కొన్ని వారాల తేడాలో రెండు, కుదిరితే మూడు. వాటిల్లో మొదటిదాన్ని ట్రయల్ కింద లెక్కేస్కోండి, ఎక్కువ తేడా వచ్చేది ఒకటికీ రెండుకీ మధ్యే, తర్వాత్తర్వాత కొద్దికొద్దిగా, కొంతమందికి ఏళ్ళ తరబడి కూడా కాస్త కాస్త పెరుగుతూనే ఉంటుంది. జబ్బు ఎంత స్పీడుగా ముదురుతోందో పట్టుకోవాలంటే కొత్త పేషెంట్లకి మొదటి రెండేళ్ళలో 6 టెస్టులు ఉంటే మంచిదని యూరోపియన్ గ్లకోమా సొసైటీ గైడ్‌లైన్స్ కూడా అంటాయి. అన్నిచోట్లా అన్ని కుదరవు, కానీ "పోయినేడాదే చేశాంగా, మళ్ళీ ఎందుకు" అని మాత్రం అనకండి.

టెస్టు రోజు సంగతులు. కంటిపాప పెద్దది చేసే మందు వెయ్యకముందే ఫీల్డ్ టెస్ట్ అవ్వాలి, వేసేశారంటే చెప్పండి, వేరే రోజు చేయించుకోవడం నయం. మీ రోజువారీ గ్లకోమా చుక్కలు మాత్రం మానొద్దు, ఎప్పట్లాగే వేస్కుని రండి. కళ్ళద్దాలూ, పాత పవర్ చీటీ తెచ్చుకోండి, మెషిన్‌లో పెట్టే లెన్సు పవర్ తప్పైతే చుక్కలు పలచబడిపోయి ఫీల్డ్ మొత్తం తగ్గినట్టు వస్తుంది. వినికిడి మెషిన్ ఉంటే పెట్టుకునే రండి, మేం చెప్పేది వినపడాలిగా. బాత్రూంకి వెళ్ళొచ్చి కూర్చోండి, నవ్వుకోకండి, ఇది చాలా రిపోర్టుల్ని పాడు చేసిన కారణం. రాత్రి నిద్ర లేకపోయినా, జ్వరం తగిలినా వాయిదా వేయించుకోండి, సిగ్గేం లేదు.

కూర్చోవడం దగ్గర మొహమాటం అస్సలు వద్దు. చాలామంది పెద్దవాళ్ళు మెడ ముందుకి సాచి, భుజాలు బిగబట్టి "పర్లేదమ్మా" అంటారు, మూడో నిమిషానికి నొప్పి మొదలవుతుంది, గడ్డం స్టాండు మీంచి జారుతుంది, కన్ను లెన్సుకి దూరమవుతుంది, లెన్సు అంచు నీడ పడి రిపోర్టులో చుట్టూ నల్ల రింగు వస్తుంది. కుర్చీ ఎత్తు మార్చమనండి, మెషిన్ మీ దగ్గరికి రావాలి కానీ మీరు మెషిన్ దగ్గరికి వంగకూడదు. పై రెప్ప వాలిపోయే కళ్ళయితే రెప్పని చిన్న టేపుతో పైకి పట్టి ఉంచమని అడగండి, లేకపోతే పైభాగం అంతా పోయినట్టు వస్తుంది. డెమో ఆప్షన్ ఉంటే ఒక్క నిమిషం వేయించుకోండి, లేకపోతే "మొదటి నిమిషం ప్రాక్టీసుకి వేసి, ఆపి, మళ్ళీ మొదట్నుంచి పెట్టండి" అనండి. అడిగితే విసుక్కునేవాళ్ళు ఉంటారు, విసుక్కోనివ్వండి.

టెస్టు నడిచేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి నిజానికి నాలుగే ముక్కలు. చూపు మధ్య లైటు మీదే. చుక్క ఎంత మసగ్గా ఉన్నా, మెరిసినట్టు అనిపిస్తే నొక్కు. అనిపించకపోతే నొక్కకు. నొక్కేటప్పుడే రెప్ప వెయ్యి. ఈ చివరిది ఎవరూ చెప్పరు, రెప్ప వేస్తే చుక్క మిస్సవుతుందేమోనని జనం కళ్ళు పెద్దవి చేస్కుని బిగబట్టి కూర్చుంటారు, కన్ను ఎండిపోయి మంట, నీళ్ళు, అన్నీ మసక. నొక్కిన వెంటనే ఇంకో చుక్క రాదు, కాబట్టి రెప్ప వెయ్యడానికి అదే మంచి టైము. హంఫ్రీ మెషిన్‌లో అయితే బటన్‌ని నొక్కి అలాగే పట్టుకుంటే టెస్టు ఆగుతుంది, వదిల్తే మళ్ళీ మొదలవుతుంది, ఊపిరి తీస్కోవచ్చు, కళ్ళు మూస్కోవచ్చు. ఇది తెలీక పదేళ్ళుగా బిక్కుబిక్కుమంటూ టెస్టు చేయించుకుంటున్నవాళ్ళని చూశా!

అలా తదేకంగా చూస్తుంటే మధ్యలో ఒక్కసారిగా అంతా బూడిద రంగులోకి వెళ్ళిపోయినట్టు, మూసిన కంటి చీకటి తెరిచిన కంటి మీదికి పాకినట్టు అనిపించొచ్చు. భయపడకండి, రెండుసార్లు రెప్పలు ఆడిస్తే పోతుంది. మరీ ఎక్కువగా అవుతుంటే మూసిన కంటికి నల్ల ప్యాచ్ బదులు వెలుతురు కాస్త లోపలికొచ్చే తెల్ల ప్యాచ్ పెట్టమని అడగండి, చాలామందికి తగ్గుతుంది.

చుక్కలు వచ్చే వరస గుర్తుపెట్టుకుందాం అనుకునే తెలివైనవాళ్ళకి ఒక మాట, వరస ప్రతిసారీ మారుతుంది, కుదరదు. రెండో కన్ను గురించి కూడా. మామూలుగా కుడి కన్ను ముందు చేస్తారు, ఆ అలవాటు ఎడమదానికి కొంత కలిసొస్తుంది, కానీ అప్పటికి అలసట కూడా వచ్చేస్తుంది, రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. కాబట్టి ప్రతిసారీ ఒకే వరసలో చేయించుకోండి, మధ్యలో అయిదు నిమిషాలు లేచి తిరగండి.

తోడొచ్చినవాళ్ళకి ఒక్క విన్నపం. వెనకాల నిలబడి "నాన్నా, నొక్కు, అదిగో వచ్చింది" అనకండి. బయట కూర్చోండి.

రిపోర్టు చేతికొచ్చాక నల్ల మచ్చల బొమ్మ మీదికి వెళ్ళకండి, ముందు పైన ఉన్న మూడు లైన్లు చూడండి. ఫిక్సేషన్ లాసెస్ అంటే చూపు ఎన్నిసార్లు తప్పింది, ప్రతి కంటికీ నరం బయటికెళ్ళే చోట పుట్టుకతోనే ఒక గుడ్డి మచ్చ ఉంటుంది, మెషిన్ అప్పుడప్పుడు కావాలనే అక్కడ చుక్క వేస్తుంది, మీరు నొక్కారంటే చూపు కదిలిందని లెక్క, 20 శాతం దాటితే పక్కన గుర్తు పడుతుంది. అయితే మొదట్లో ఆ మచ్చని మెషిన్ తప్పు చోట గుర్తించినా ఈ నంబర్ పెరిగిపోతుంది, పాపం మీ తప్పేం ఉండదు. ఫాల్స్ పాజిటివ్ అంటే చుక్క లేకుండా నొక్కినవి, నా దృష్టిలో మూడిట్లో ఇదే ముఖ్యం, 15 శాతం దాటితే ఆ రిపోర్టు మీద నాకు నమ్మకం ఉండదు. ఫాల్స్ నెగటివ్ అంటే ఇంతకుముందు చూసిన చోటే ఇంకా ప్రకాశంగా వేసినా నొక్కకపోవడం, ఇది అలసట వల్ల కావచ్చు, కానీ జబ్బు ముదిరిన కంట్లో దానంతట అదే పెరుగుతుంది, కాబట్టి దాన్ని పట్టుకుని మనిషిని తప్పుపట్టకూడదు. ఇంకోటి, బొమ్మలో నాలుగు వైపులా నాలుగు తెల్లటి మచ్చలు, మిగతాదంతా నలుపు, నాలుగాకుల మొక్కలాగా ఉందంటే ఆ మనిషి మొదట్లో బాగానే చేసి తర్వాత అలిసిపోయాడని అర్థం, ఎందుకంటే మెషిన్ మొదలుపెట్టేది ఆ నాలుగు చోట్లే.

మరి ప్రాక్టీస్ లేక వచ్చిన తేడా ఏది, జబ్బు తేడా ఏది? ప్రాక్టీస్ తేడా అంచుల చుట్టూ, పలచగా, ఒక పద్ధతి లేకుండా ఉంటుంది, రెండోసారికి చెదిరిపోతుంది లేదా చోటు మారుతుంది. గ్లకోమా తేడాకి మొండితనం ఎక్కువ, వచ్చిన చోటే మళ్ళీ వస్తుంది, చాలాసార్లు మధ్యలో అడ్డగీత గీసినట్టు పైసగంలోనో కింది సగంలోనో ఆగిపోతుంది, ముక్కు వైపు మెట్టులా ఉంటుంది, ఓసీటీలో నరం పలచబడిన చోటుకి సరిపోతుంది. సరిపోయిందంటే మొదటి టెస్టయినా సరే "ప్రాక్టీస్ లేక అలా వచ్చిందిలే" అని కూర్చోవద్దు. ప్రాక్టీస్ ఎఫెక్ట్ అనేది మందు వాయిదా వెయ్యడానికి సాకు కాదు.

డాక్టర్ దగ్గరికెళ్ళినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి, "బేస్‌లైన్‌లో ఏ రెండు టెస్టులు పెట్టారు?" అని. జబ్బు ముదురుతోందా అని చూసే జీపీఏ లాంటి ప్రోగ్రాములు రెండు టెస్టుల్ని ఆధారంగా పెట్టుకుని తర్వాతవాటిని పోలుస్తాయి, ఏ రెండో మార్చుకోవచ్చు. తడబడిన మొదటిది అందులో ఉంటే తీసేయమనండి. శుక్లం ఆపరేషన్ అయ్యాకా, మెషినో టెస్టు పద్ధతో మారాకా బేస్‌లైన్ కొత్తగా పెట్టాలా అని కూడా అడగండి. రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టి, ఒక్కోదాని వెనక పెన్సిల్‌తో ఆ రోజు సంగతి రెండు ముక్కలు రాస్కోండి, నిద్ర లేదు, జలుబు, రెండో కంటికి అలిసిపోయా, ఇలా. రెండేళ్ళ తర్వాత ఒక్కసారిగా పడిపోయిన నంబర్ కనపడితే ఆ పెన్సిల్ రాత చాలా పనికొస్తుంది.

ఒకాయన సంగతి చెప్పి ఆపేస్తా. డెబ్బై దాటిన మనిషి, మొదటి టెస్టు, ఎండీ బ్రహ్మాండంగా ఉంది, బొమ్మలో నలుపే లేదు, అక్కడక్కడా మామూలు కంటే తెల్లగా మెరిసిపోతోంది. ఫాల్స్ పాజిటివ్ చూస్తే 28 శాతం. "బాబాయి గారూ, లైటు రాకపోయినా నొక్కారా?" అన్నా. "అంతసేపు ఏమీ రాకపోతే ఊరికే కూర్చుంటే ఏం బాగుంటుందమ్మా, నువ్వేమో పక్కనే ఉన్నావ్, అందుకే అప్పుడప్పుడు నొక్కా" అన్నారు. సగం కనపడకపోవడం మామూలేనని, ఊరికే కూర్చోవడం కూడా టెస్టులో భాగమేనని చెప్పి పంపించా. మూడు వారాల తర్వాత మళ్ళీ చేశాం, ఫాల్స్ పాజిటివ్ 3 శాతం, ఎండీ మాత్రం మొదటిదానికంటే బాగా తక్కువ, పైభాగంలో ముక్కు వైపు విల్లులా వంగిన నల్లటి మచ్చ, ఓసీటీలో పలచబడిన చోటుకి అచ్చంగా సరిపోయింది. ఆయన కుర్చీలోంచి లేస్తూ, "ఈసారి రాని లైటుకి ఒక్కసారి కూడా నొక్కలేదమ్మా" అన్నారు, గర్వంగా. ఆ మధ్యాహ్నమే డాక్టర్ మందు మొదలుపెట్టారు.